ముక్కు మీద రెండు నొక్కులు

మేనత్తకు రెండో కంట్లో శుక్లం కూడా తీసేసి, ఇక నల్లద్దాలు పక్కన పెట్టెయ్యవచ్చని డాక్టరు చెప్పిన రోజున, ఆవిడ మొట్టమొదట చేసిన పని ఇల్లంతా తిరిగి వంకలు పెట్టడం. మూలల్లో బూజు ఉందట. గ్లాసుల మీద మరకలట. కిటికీ తెర నీలంరంగు అనుకుంటోందట ఇన్నేళ్ళూ, తీరా చూస్తే బూడిదరంగు.

"ఇంత మురికి కొంపలోనా నేను పదేళ్ళుగా ఉంటున్నది?" అంది.

"మురికి నిన్న కూడా ఉంది అత్తా, నీకే కనపడలేదు," అంది మేనకోడలు.

ఈ మేనకోడలిని వీధి వీధంతా అద్దాలమ్మ అంటారు. యాభై అయిదేళ్ళ మనిషి. తాతగారు పెట్టి, తండ్రి నడిపిన కళ్ళద్దాల షాపు ఇప్పుడు ఆమెది. కింద షాపు, పైన ఇల్లు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా ఆరా తీస్తే "పవరు కుదరలేదండీ" అని నవ్వేసి ఊరుకుంటుంది. తండ్రి పోయి పదకొండేళ్ళయింది. ఆ మరుసటి ఏడే మేనత్త, భర్త పోయాక, ఒక ట్రంకుపెట్టెతోనూ బోలెడన్ని ఫిర్యాదులతోనూ వచ్చి ఇక్కడ స్థిరపడింది. ఇద్దరికీ క్షణం పడదు. ఒకరు లేకపోతే ఇంకొకరికి ముద్ద దిగదు.

తనిఖీ చేసుకుంటూ చేసుకుంటూ మేనత్త వెనక గదిలో ఆగిపోయింది. అది ఒకప్పుడు నాయనమ్మ గది. అక్కడినుంచి గొంతు మారి వినిపించింది.

"ఏమే, ఒకసారి ఇలా రా. వీడి ముక్కు మీద ఈ మచ్చలేమిటే?"

గోడ మీద ఉన్నది బాబాయి ఫొటో. సైన్యం దుస్తుల్లో, టోపీ చంకలో పెట్టుకుని, ఎదురుగా ఎవరో జోకు చెబితే నవ్వు ఆపుకుంటున్నవాడిలా ఉంటాడు. అరవై ఏళ్ళ కిందట యుద్ధంలో పోయాడు. పోయాక సైన్యంవాళ్ళు పంపిన సామానుతో పాటు ఈ ఫొటో వచ్చింది. నాయనమ్మ దీన్ని తన మంచానికి ఎదురుగా తగిలించుకుంది. అద్దాలమ్మ పుట్టేసరికే అది అక్కడుంది; అందుకే ఆమె దాన్ని ఎన్నడూ నిజంగా చూడలేదు. గడియారాన్ని చూసినట్టు చూసేది, అంతే.

మేకు నుంచి దించి, దుమ్ము తుడిచి, కిందికి వెళ్ళి భూతద్దం తెచ్చింది. ఒక్క చూపు చాలింది. ముప్పై ఏళ్ళుగా రోజూ ఎదురుగా కూర్చున్నవాళ్ళ ముక్కులు చూడటమే కదా ఆమె వృత్తి.

"మచ్చలు కావత్తా. నొక్కులు. కళ్ళజోడు పొద్దస్తమానం పెట్టుకునేవాళ్ళకు పడతాయి. ఫొటో కోసం అప్పుడే తీసి జేబులో పెట్టుకున్నట్టున్నాడు."

"వాడా? కళ్ళజోడా?" మేనత్త మంచం మీద కూలబడింది. "వాడు పెట్టుకుంటేగా! అమ్మ కాళ్ళావేళ్ళా పడ్డా పెట్టుకోలేదే."

అది ఇంట్లో అందరికీ తెలిసిన కథే. కళ్ళద్దాల షాపువాళ్ళ చిన్నకొడుకుకి మైనస్ మూడు. చెయ్యి చాచినంత దూరం దాటితే లోకమంతా పాలల్లో ముంచినట్టు ఉండేది. అయినా జోడు పెట్టుకుంటే వీధిలో కుర్రాళ్ళు సోడాబుడ్డి అంటారని దాన్ని ముట్టుకునేవాడు కాదు. దీపస్తంభాలకు నమస్కారాలు పెట్టేవాడు. ఒకసారి తన తండ్రే అనుకుని ఎవరో పెద్దమనిషి వెనకాల అరమైలు నడిచి, ఆయన ఇంట్లోకి కూడా వెళ్ళి, చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కున్నాడు.

అలాంటివాణ్ణి సైన్యంలోకి ఎలా తీసుకున్నారన్నది నాయనమ్మ పోయేదాకా వేసిన ప్రశ్న. "గుమ్మంలో నిలబడ్డ కన్నతల్లినే పోల్చుకోలేనివాడు శత్రువునేం పోల్చుకుంటాడు? వాళ్ళకు కళ్ళు లేవా?" అనేది. ఆ మాట వచ్చినప్పుడల్లా అద్దాలమ్మ తండ్రి కంచం ముందు నుంచి లేచేవాడు. "కింద పని ఉంది" అనేవాడు. ఆయన ఆ గదిలో కూర్చున్నా ఆ గోడకు వీపు పెట్టే కూర్చునేవాడు. ఆ సంగతి కూడా అద్దాలమ్మకు ఇప్పుడే తట్టింది.

"కనుక్కో," అంది మేనత్త. "వాళ్ళ దగ్గర కాగితాలుంటాయి కదా. నేను పోయేలోపల కనుక్కో."

"నువ్వెక్కడికి పోతావు, ఇప్పుడే కళ్ళొచ్చాయి."

"కళ్ళొచ్చాయి కనకే అడుగుతున్నాను."

ఆ రోజు నుంచి చెవిలో జోరీగలా అదే మాట. లెన్సు అరగదీస్తుంటే అదే, గిరాకీలు కూర్చుని ఉంటే అదే. చివరికి అద్దాలమ్మ సైనిక రికార్డుల ఆఫీసుకు దరఖాస్తు రాసింది. మూడు వారాలకు జవాబు వచ్చింది: సర్వీసు నంబరు లేనిదే వెతకడం సాధ్యం కాదు. ఇంట్లో ఉన్న కాగితమల్లా తిరగేశారు. చావు కబురు తెచ్చిన తంతి నాయనమ్మ చేతుల్లోనే నలిగి నలిగి, మడతల దగ్గర చిరిగి, ఎప్పుడో పోయింది. ఉత్తరాలు ఆవిడతో పాటే చితికెక్కాయి.

నంబరు దొరికింది షాపులోనే. బాబాయి సామాను వచ్చిన చెక్కపెట్టెను నాన్న పారెయ్యలేదు. దానికి ఆకుపచ్చ రంగు వేసి, కౌంటరు కింద పెట్టి, విరిగిన ఫ్రేములు అందులో పడేసేవాడు. అద్దాలమ్మ కూడా అలాగే వాడుతోంది. రోజుకు పదిసార్లు చెయ్యి పెడుతుంది. ఆ రోజు ఫ్రేములన్నీ నేలమీద గుమ్మరించి, పెట్టెను తిరగేసి, బ్లేడుతో రంగు గీకింది. పచ్చరంగు కింద తెల్లటి అంకెలు ఒక్కొక్కటే పైకి తేలాయి. ఏడు అంకెలు. పక్కనే చతికిలబడి చూస్తున్న మేనత్త, నంబరు పూర్తవకముందే దాన్ని బిగ్గరగా చదవడం మొదలుపెట్టింది, కొత్త కళ్ళు కదా.

ఇక ఎదురుచూపు. నాలుగు నెలలు. పోస్టుమ్యాను కోసం మేనత్త కళ్ళు, డాక్టరు అంత శ్రమపడి బాగుచేసిన కళ్ళు, మళ్ళీ కాయలు కాశాయి. చివరికి ఒక పొడుగు కవరు వచ్చింది: ఫైలు దొరికింది, బయటికి ఇవ్వరు, ఫలానా తేదీన స్వయంగా వచ్చి చూసుకోవచ్చు.

*

రికార్డుల ఆఫీసు ఎక్కడో వేరే ఊళ్ళో, రైల్లో నాలుగు గంటలు. మేనత్తకు మోకాళ్ళు సహకరించలేదు. "అక్షరం వదలకుండా చదువు. నీ తెలివితేటలతో కుదించకు" అని చెప్పి పంపింది.

చదువుకునే గది పొడుగ్గా, ఎత్తుగా ఉంది. బల్లల మీద మందపాటి గుడ్డ పరిచారు. పెన్ను వాడకూడదు, పెన్సిలే. కాగితాల గుమాస్తా ఒక లావుపాటి ఆవిడ. ముఖంలో నవ్వనేది మచ్చుకైనా లేదు. ఆవిడ కళ్ళజోడు ముక్కు మీద నిలవడం లేదు. ప్రతి మాటకూ ఒకసారి పైకి తోసుకుంటోంది. అద్దాలమ్మ పళ్ళు బిగపట్టుకుని అయిదు నిమిషాలు ఓర్చుకుంది. ఆరో నిమిషంలో చేతిసంచీలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, "ఏమీ అనుకోకండి, ఒక్కసారి ఇస్తారా" అంది. ఎడమవైపు ముక్కుబిళ్ళ వంచి, మరలు బిగించి, తుడిచి ఇచ్చింది. గుమాస్తా పెట్టుకుని తల అటూ ఇటూ ఊపింది. ఊడలేదు.

"రెండేళ్ళుగా ప్రాణం తీస్తోందండీ ఇది," అంది. ఆ తర్వాత ఆవిడ కుర్చీ జరుపుకుని పక్కనే కూర్చుంది.

ఫైలు పలచగా ఉంది. రెండేళ్ళ రెండు నెలల ఉద్యోగం ఎంత బరువుంటుంది? మొదటి కాగితం భర్తీ పత్రం. వయసు ఇరవై. ఎత్తు, ఛాతీ, ఎడమ మోకాలి కింద పుట్టుమచ్చ. వృత్తి అన్నచోట "షాపు పని." కంటి చూపు అన్నచోట చక్కటి చేతిరాతతో: కుడి ఆరు బై ఆరు, ఎడమ ఆరు బై ఆరు. లోపమే లేని చూపన్నమాట.

అద్దాలమ్మకు నవ్వు వచ్చింది. తర్వాత ఆగిపోయింది. మైనస్ మూడున్న మనిషికి ఆరు మీటర్ల దూరంలో పై వరుసలో ఉన్న ఒక్క పెద్ద అక్షరమే కనపడితే గొప్ప. కింది వరుస దాకా గడగడా చదివాడంటే అర్థం ఒక్కటే. చూసి చదవలేదు. కంఠస్థం పట్టి అప్పజెప్పాడు.

రెండో కాగితం ఆరు వారాల తర్వాతది. తుపాకి కాల్చడం నేర్పే పెద్దాయన రాసింది. "అయిదు గుళ్ళూ పక్కవాడి బోర్డులో ఉన్నాయి. గురి బాగుంది. బోర్డు వేరు. కళ్ళ డాక్టరుకు చూపించగలరు." దాని వెనకే మెడికల్ బోర్డు చీటీ: రెండు కళ్ళూ ఆరు బై అరవై. మోసంతో చేరినట్టు ఒప్పుకున్నాడు. ఇంటికి పంపివేయవచ్చు.

"ఇంటికి పంపివేయవచ్చు" అన్న మాట అద్దాలమ్మ మూడుసార్లు చదువుకుంది. పంపలేదు కదా. మరి ఏమైంది?

మూడో కాగితం అచ్చుది కాదు. రూళ్ళ నోటుబుక్కులోంచి చించిన పేజీ. ఆమె ఎన్నడూ చూడని చేతిరాత, అయినా అక్షరాల తలకట్లు అచ్చం నాన్నవే.

"అయ్యగారికి నమస్కారాలు. నేను అక్షరాలు బట్టీపట్టి చేరిన మాట నిజం. ఈ తప్పు నా ఒక్కడిదే. ఇందులో ఇంకెవరి చెయ్యీ లేదు. నన్ను ఇంటికి పంపిస్తామన్నారు. దయచేసి పంపవద్దు. మాది కళ్ళద్దాల షాపు. అద్దం కొయ్యడం, అరగదీయడం, అతకడం నాకు పన్నెండో ఏటినుంచీ వచ్చు. మన స్టోరులో బూజుపట్టిన దుర్భిణులు ఇరవై మూడు మూలన పడి ఉన్నాయని విన్నాను. నాకు ఒక చిన్న స్క్రూడ్రైవరు, కొంచెం స్పిరిటు, కిటికీ ఉన్న గది ఇప్పిస్తే పదిహేను రోజుల్లో బాగుచేసి చూపిస్తాను. చెయ్యలేకపోతే అప్పుడు పంపెయ్యండి. నా జతవాళ్ళందరూ ఇక్కడుండగా నేనొక్కణ్ణీ వెళ్ళి కౌంటరు వెనక కూర్చోలేను. ఇంకొక మనవి. ఈ సంగతి మా ఇంటికి రాయకండి. తిరిగి రావచ్చని తెలిస్తే మా అమ్మ నేను గుమ్మంలోకి వచ్చేదాకా మంచినీళ్ళు ముట్టదు. మా అన్నయ్య స్వయంగా వచ్చి చెవి పట్టుకుని లాక్కుపోతాడు."

పక్కన మార్జిన్లో ఎవరో అధికారి ఎర్ర పెన్సిలుతో రాశాడు: "గది ఇవ్వండి. పదిహేను రోజులు." దాని కిందే మరో తేదీ, అదే పెన్సిలు: "ఇరవై మూడింట్లో ఇరవై ఒకటి పనిచేస్తున్నాయి. ఉంచండి. కళ్ళజోడు ఇప్పించండి."

ఆ తర్వాతవన్నీ పరికరాల వర్క్‌షాపు కాగితాలు. చివరిది ఒక్క పేరా. ముందు వరుసలో, ఫిరంగులకు దూరం కొలిచి చెప్పే పరికరం చెడిపోతే అక్కడికే వెళ్ళి బాగుచేసి, లారీలో తిరిగి వస్తుండగా విమానదాడిలో మరణం. పాతిపెట్టిన చోటు, వరుస, సంఖ్య. సాక్షి సంతకం: అదే వర్క్‌షాపులో తోటి పనివాడు.

గుమాస్తా అట్ట లోపలివైపు అతికించిన చిన్న చీటీ వేలితో చూపించింది.

"ఈ ఫైలు ఇంతకుముందు ఒకసారి పైకి తీశారండీ. మీవాళ్ళేనా?"

ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి తేదీ. దరఖాస్తుదారు: మృతుని అన్న. నాన్న సంతకం, ఆ పొడుగు గీతతో సహా. కింద రబ్బరు ముద్ర: రాలేదు.

అద్దాలమ్మకు ఆ రోజు గుర్తుంది. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్ళు, షాపులో పని నేర్చుకుంటోంది. నాన్న పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికో చెప్పకుండా, స్టేషనుకు వెళ్ళాడు. మధ్యాహ్నానికల్లా తిరిగి వచ్చేశాడు. "రైలు తప్పిపోయింది" అన్నాడు. రైలెక్కాలంటే గంట ముందే ప్లాట్‌ఫారం మీద ఉండే రకం ఆయన. ఆమె అప్పుడు నమ్మేసింది. పని ఉంది కదా, మళ్ళీ అడగలేదు.

"వచ్చి ఉంటే బాగుండేది," అంది, ఎవరితోనో తెలియకుండా.

"చాలామంది రారండీ," అంది గుమాస్తా. "అంత దూరం దరఖాస్తు పెట్టుకుంటారు, తీరా తేదీ ఇస్తే రారు. ఏముంటుందో అని." తర్వాత ఆవిడ గొంతు తగ్గించి, "ఆ సాక్షి సంతకం చేసినాయన పింఛను జాబితాలో ఉన్నారేమో చూస్తాను. ఉంటే చిరునామా ఇవ్వకూడదు. కానీ మీరు ఉత్తరం రాసిస్తే నేను పంపించవచ్చు," అంది.

అద్దాలమ్మ అక్కడే, ఆ పెన్సిలుతోనే, ఉత్తరం రాసి ఇచ్చింది.

*

పెన్సిలుతో రాసుకొచ్చినదంతా మేనత్తకు అక్షరం వదలకుండా చదివి వినిపించింది. ఆవిడ మంచం పట్టె మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిపిల్లలా విన్నది. పక్కవాడి బోర్డు దగ్గర పకపకా నవ్వింది. "అక్షరాలు బట్టీపట్టి" అన్నచోట నవ్వు ఆగిపోయింది.

"అయ్యో," అంది. "అదా!"

"ఏదత్తా?"

మేనత్త కళ్ళు మూసుకుని, ఎక్కాలు చదివే రాగంలో, మెల్లగా మొదలుపెట్టింది. "ఇ... ఎఫ్ పి... టి ఓ జెడ్... ఎల్ పి ఇ డి... పి ఇ సి ఎఫ్ డి..." ఒక్క తప్పు లేకుండా ఎనిమిది వరుసలూ, చిట్టచివరి "డి ఇ ఎఫ్ పి ఓ టి ఇ సి" దాకా.

అద్దాలమ్మ గుర్తుపట్టింది. పాత అక్షరాల చార్టు. ప్రతి కళ్ళ డాక్టరు గోడమీదా ఉండేది.

"నాకు పద్నాలుగేళ్ళు," అంది మేనత్త. "ఇద్దరూ షాపు తలుపు దగ్గరగా వేసుకుని కూర్చునేవాళ్ళు. పెద్దన్నయ్య కర్రతో చూపించేవాడు, వీడు ఒక కన్ను మూసుకుని పాడేవాడు. తప్పు చెబితే నెత్తిన మొట్టికాయ. ఒకటే నవ్వులు. నేను మెట్ల మీద కూర్చుని వినేదాన్ని. అదేదో ఆట అనుకున్నానే. నాకూ వచ్చేసింది."

"నాన్న నేర్పించాడా?"

"మొదట వద్దనే అన్నాడు. వీధిలో వాడి ఈడువాళ్ళందరూ వెళ్ళిపోయారు కదా. వీడు రెండ్రోజులు భోజనం మానేసి, గోడకు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాతే ఈ ఆట మొదలైంది." ఆవిడ ఫొటో వైపు చూసింది. "తంతి వచ్చిన రోజు అమ్మ నేల మీద పడి ఏడుస్తుంటే పెద్దన్నయ్య కంట్లోంచి చుక్క రాలేదు. కిందికి పోయి మూడు రోజులు లెన్సులు అరగదీశాడు, గిరాకీ లేకపోయినా. మేమందరం గుండె రాయి అనుకున్నాం."

అద్దాలమ్మకు ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చింది. తమ షాపులో ఎన్నడూ అక్షరాల చార్టు లేదు. నాన్న వాడినది వేరే రకం: మూడు కాళ్ళ గుర్తు ఒకటే, పైకీ కిందికీ పక్కలకీ తిప్పి ముద్రించినది. కాళ్ళు ఎటున్నాయో వేలితో చూపించమంటారు. బజారులోకి ఎన్ని రకాల చార్టులు వచ్చినా ఆయన మార్చలేదు. పని నేర్చుకునే రోజుల్లో ఆమె అడిగింది కూడా, అక్షరాలది పెడితే తొందరగా అవుతుంది కదా అని. "అక్షరాలైతే బట్టీపట్టేస్తారమ్మా," అన్నాడు. ఎవరు పడతారు నాన్నా, ఎందుకు పడతారు, అని ఆమె నవ్వితే మాట మార్చేశాడు.

తన తమ్ముణ్ణి తానే చేజేతులా పంపించానని ఆయన అరవై ఏళ్ళు, కాదు, పోయేదాకా నలభై తొమ్మిదేళ్ళు నమ్మాడు. ఆరు వారాలకే మోసం బయటపడిందనీ, ఇంటికి పొమ్మంటే తమ్ముడే బతిమాలుకుని ఉండిపోయాడనీ, ఆ మాట తమ్ముడి చేతిరాతలోనే ఉందనీ ఆయనకు తెలియదు. నాలుగు గంటల రైలు ప్రయాణం దూరంలో, ఆ కాగితాన్ని తన కోసమే తీసి బల్ల మీద పెట్టారు. ఆయన స్టేషను దాకా వెళ్ళి తిరిగి వచ్చాడు.

"పిచ్చి మనిషి," అంది మేనత్త, కళ్ళు తుడుచుకుంటూ. "వట్టి పిచ్చి మనిషి. నాకు చెప్పినా సరిపోయేది కదే. నేను తిట్టి ఊరుకునేదాన్ని."

*

వర్క్‌షాపు పనివాడు బతికే ఉన్నాడు. ఎనభై నాలుగేళ్ళు. ఉత్తరానికి ఉత్తరం రాయలేదు, ఫోను చేశాడు. మేనత్తే ఎత్తింది. ఇద్దరికీ చెముడు కావడంతో ఆ సంభాషణ వీధి చివరి దాకా వినపడింది. సారాంశం ఏమిటంటే, వచ్చే ఆదివారం ఆయనే వస్తున్నాడు. వద్దన్నా వినడు.

బస్సు దిగి చేతికర్రతో ఒక్కడే వచ్చాడు. ఒకప్పుడు చాలా పొడుగరి అయి ఉండాలి. ఇప్పుడు నడుం దగ్గర వంగి, గుమ్మంలో అలవాటు కొద్దీ తల ఇంకా వంచాడు. సైన్యంలో ఈయన్ని నిచ్చెన అనేవారట. మందపాటి కళ్ళజోడు. అద్దాలమ్మ ఊరుకోలేక ఆ జోడు తీసుకుని తుడిచి ఇచ్చింది.

"ఇది ఎన్నో జతో చెప్పలేను గానీ," అన్నాడు ఆయన, "మొదటి జత మాత్రం మీవాడు చేసిచ్చిందే."

టీ తాగాక మెల్లగా చెప్పాడు. వర్క్‌షాపులో ఇద్దరికే చోటున్న గది. ఒక కిటికీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దుర్భిణులు విప్పడం, తుడవడం, బిగించడం. "వారం చూశాడండీ నన్ను. ఒరేయ్ నిచ్చెనా, నువ్వు స్క్రూల్ని ముక్కుతో వెతుకుతున్నావేంట్రా, నీకు కళ్ళు కనపడవు అన్నాడు. నాకు కోపం వచ్చింది. నేను ఆరు బై ఆరు అన్నాను. వాడు పడీపడీ నవ్వాడు. నేనూ ఆరు బై ఆరేరా, అన్నాడు."

సామాను పెట్టె మూత మీద బొగ్గుతో అక్షరాలు రాసి, గోడకు చేరవేసి, కళ్ళు పరీక్ష చేశాడట. పగిలిన కిటికీల మందపాటి అద్దం ముక్కలు ఏరి, కాలితో తిప్పే సానచక్రం మీద నాలుగు రోజులు అరగదీశాడట. చుట్టూ తీగె చుట్టి ఫ్రేము.

"పెట్టుకుని బయటికి వచ్చాను. ఎదురుగా కొండ. ఆ కొండ మీద తెల్లరాళ్ళున్నాయని రోజూ అనుకునేవాణ్ణి. చూస్తే ఆ రాళ్ళు నడుస్తున్నాయి! మేకలండీ. ఒరేయ్ రాళ్ళు నడుస్తున్నాయిరా అని అరిచాను. మీవాడు నేల మీద దొర్లి నవ్వాడు. ఆ తర్వాత పదకొండు మందికి చేసిచ్చాడు. వంటవాడికీ, లారీ డ్రైవరుకీ. ఆ డ్రైవరుది చూసి మాకు గుండాగినంత పనయింది, అన్నాళ్ళూ ఆ కళ్ళతోనా మమ్మల్ని తిప్పింది అని. అందరం వాణ్ణి కళ్ళ డాక్టరు అనే పిలిచేవాళ్ళం. ఒక్క అధికారి కూడా మానిపించలేదు. కొందరు వాళ్ళే రహస్యంగా వచ్చి చేయించుకున్నారు."

మేనత్త నోరు తెరుచుకుని వింటోంది. "కళ్ళజోడు పెట్టుకోమంటే ముఖం మాడ్చుకున్నవాడేనా!"

"పెట్టుకోవడమేమిటమ్మా, నిద్రలో కూడా తీసేవాడు కాదు. ఇన్నాళ్ళూ ఎంత పొగరుబోతు వెధవనిరా, మా చెల్లెలి ముఖం కూడా సరిగ్గా చూడలేదు, వెళ్ళగానే చూడాలి అనేవాడు."

మేనత్త లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, తెర సర్ది, వచ్చి కూర్చుంది.

చివరి సంగతి ఆయన క్లుప్తంగా చెప్పాడు. ముందు వరుస నుంచి పేరు పెట్టి అడిగారు, కళ్ళ డాక్టర్నే పంపండి, ఇక్కడ ఇంకెవరివల్లా కావడం లేదు అని. వెళ్ళాడు, బాగుచేశాడు. తిరిగి వస్తుంటే జరిగింది. తీసుకొచ్చింది ఈయనే. "దెబ్బ వీపున తగిలింది. ముఖం ముఖంలాగే ఉంది. జేబులో ఉన్నవన్నీ తీసి పెట్టెలో పెట్టమన్నారు. కళ్ళజోడు మాత్రం నేను పెట్టలేదు. ముఖానికే పెట్టి పంపించాను. తీసేస్తే దారి కనపడదు కదా వాడికి. రూలు కాదు. ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్ళూ."

"మంచి పని చేశావు నాయనా," అంది మేనత్త, తనకంటే ఎనిమిదేళ్ళు పెద్దవాడితో.

అద్దాలమ్మ ఆయనకు నాన్న సంగతి చెప్పింది: చార్టు, కర్ర, మొట్టికాయలు, తప్పిపోయిన రైలు. ఆయన చాలాసేపు తలూపుతూ విన్నాడు.

"అన్నయ్య గురించి ఎప్పుడూ చెప్పేవాడమ్మా. నాకు చదువు చెప్పిన గురువు ఒక్కడే, మా అన్నయ్యే, అనేవాడు. ఏం చదువురా అంటే ఎనిమిది వరుసలు అనేవాడు. నాకు అర్థమయ్యేది కాదు."

మధ్యాహ్నం భోజనాలయ్యాక అద్దాలమ్మ కిందికి దిగి, ఆదివారం అయినా, కాసేపు షాపులో కూర్చుంది. నాన్న కుర్చీలో. అలా ఏమీ చెయ్యకుండా అక్కడ కూర్చోవడం ఆమెకు గుర్తున్నంతలో అదే మొదలు. అరవై ఏళ్ళ కిందట తలుపు దగ్గరగా వేసి ఇద్దరు అన్నదమ్ములు ఇక్కడే నవ్వారు. ఒకడికి ఇరవై ఆరు, ఒకడికి ఇరవై. ఎంత ప్రయత్నించినా నాన్నను అలా నవ్వుతూ ఊహించుకోలేకపోయింది, కానీ నవ్వాడని ఇప్పుడు తెలుసు. మేనత్త మెట్ల మీద కూర్చుని విన్నది కదా.

పైనుంచి గొంతులు పెద్దవయ్యాయి. ఏమైందోనని పరుగున ఎక్కింది.

"వాడికి పాట రావడమేమిటయ్యా!" మేనత్త చెయ్యి ఊపుతూ అంటోంది. "గార్దభం నయం. వాడు నోరు తెరిస్తే మా అమ్మ నీళ్ళు పోస్తానని బెదిరించేది."

"నేను రెండేళ్ళు పక్కన పడుకున్నానమ్మా," అన్నాడు ముసలాయన, కర్ర నేలకేసి కొడుతూ. "ఎంత తియ్యటి గొంతో! మా బ్యారక్ మొత్తం నిద్ర మానుకుని వినేది."

"నువ్వు చెవిటివాడివి."

"అప్పటికి కాదు."

"నేను వాడితో పద్నాలుగేళ్ళు పెరిగాను."

"మీకు తెలిసినవాడు ఇంట్లో ఉన్నవాడమ్మా. గొంతు తర్వాత వచ్చిందేమో!"

మేనత్త మేనకోడలి వైపు తిరిగింది. "చూస్తావేమే గుమ్మంలో నిలబడి? ఇంకో రెండు టీలు పట్రా. ఈయన ఇప్పట్లో వెళ్ళేలా లేడు. ఏం పాట పాడేవాడో చెప్పమను ముందు, అప్పుడు తేలుస్తాను."

ముసలాయన గొంతు సవరించుకున్నాడు. అద్దాలమ్మ టీ మాట మర్చిపోయి వచ్చి వాళ్ళ మధ్య కూర్చుంది.